టూత్‌బ్రష్ ఎప్పుడు మార్చాలి: తేదీ చూసా, కుచ్చు చూసా?

మూడు నాలుగు నెలలకోసారి బ్రష్ మార్చమని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ చెబుతుంది. చాలామందికి గుర్తుండేది ఇంతవరకే. పోగులు వంగిపోయినా, చిక్కుపడినా ఆ గడువు దాకా ఆగొద్దన్న మాట కూడా ఆ సలహాలోనే ఉంది. నా దృష్టిలో అసలు విషయం అదే.

పాచి పేరుకునేది ఎక్కువగా పన్ను చిగురును కలిసే అంచున, పళ్ల సందుల్లో. నిటారుగా ఉన్న పోగు కొస అక్కడిదాకా వెళ్లి పాచిని కదిలిస్తుంది. పక్కకు వాలిన పోగు పంటి మీద జారిపోతుందే తప్ప సందులోకి దిగదు. అందుకే కుచ్చు చూసి మార్చడం మేలంటాను. బ్రష్‌ను వెనక వైపు నుంచి చూడండి. పోగులు తల అంచు దాటి బయటికి కనిపిస్తున్నాయంటే దాని పని అయిపోయింది. అదిమి తోమేవాళ్లకి, బ్రష్ నమిలే పిల్లలకి ఈ స్థితి నెల రోజులకే రావచ్చు. అప్పుడు తేదీ కోసం ఎదురుచూడటం వల్ల ఒరిగేదేమీ లేదు.

అలాగని తేదీని కొట్టిపారేయలేం. మెల్లగా తోమేవాళ్ల కుచ్చు అయిదారు నెలలైనా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రోజూ చూసే వస్తువు కాబట్టి కొద్దికొద్దిగా వచ్చే అరుగుదల కంటికి ఆనదు కూడా. కొత్త బ్రష్ తీసిన రోజే పిడి మీద మార్కర్‌తో తేదీ రాసుకుంటే సరిపోతుంది. ఎలక్ట్రిక్ బ్రష్ తలకీ దాదాపు ఇదే గడువు.

ఇక రంగు వెలిసే పోగులున్న బ్రష్‌లు. రంగు సగానికి వెలిస్తే మార్చమని అర్థం. కానీ పోగులు వంగిన సంగతి ఆ రంగు చెప్పదు. గుర్తుచేయడానికి పనికొస్తుంది, అంతే.

క్రిముల భయంతో కొందరు బ్రష్‌ను మరిగే నీళ్లలో ముంచుతారు. వేడికి పోగులు పాడవుతాయి తప్ప లాభం లేదు. కుళాయి కింద కడిగి, మూత పెట్టకుండా నిలబెట్టి ఆరనిస్తే చాలు.

కాబట్టి నాలుగో నెల, వంగిన కుచ్చు, ఈ రెండిట్లో ఏది ముందొస్తే అప్పుడు మార్చండి. ప్రతిసారీ కుచ్చే ముందుగా, అదీ నెలకే చెదిరిపోతుంటే మాత్రం చెయ్యి బరువు ఎక్కువైనట్టే. అలా రుద్దితే చిగుళ్లు వెనక్కి జరిగి పంటి వేరు బయటపడొచ్చు. మెత్తటి కుచ్చున్న బ్రష్ తీసుకుని, ఎలా తోమాలో దంతవైద్యుణ్ణి ఒకసారి చూపించమని అడగండి.