పిలిచినప్పుడల్లా వెళ్లాలా, వేళకు వెళ్లాలా?

రిపోర్టులన్నీ నార్మల్, కడుపునొప్పి మాత్రం తగ్గదు. సొమాటిక్ సింప్టమ్ డిజార్డర్ (ఒంటి బాధల చుట్టూనే ఆలోచనలు, ఆందోళన అతిగా తిరిగే మానసిక సమస్య) ఉన్న పేషెంట్ మాటిమాటికీ బెల్ కొడుతుంటే వార్డు నర్సు ముందు రెండు దారులు.

పిలిచినప్పుడల్లా పరుగెత్తితే ఆ పూటకు పేషెంట్ కుదుటపడతారు. కానీ నొప్పి అంటేనే మనిషి వస్తారని మనసుకు అలవాటవుతుంది. బెల్లులు పెరుగుతాయి, అక్కర్లేని స్కాన్లూ పెరుగుతాయి.

రెండోది, వేళ పెట్టుకుని వెళ్లడం. "పదింటికి వచ్చి పావుగంట కూర్చుంటానమ్మా" అని చెప్పాక, నొప్పి ఉన్నా లేకపోయినా పదింటికి వెళ్లాలి. నొప్పి సంగతి కాస్త విని, నిద్ర, ఇల్లు, దిగులు వైపు మాట మళ్లించాలి. మొదట్లో బెల్లులు ఇంకా ఎక్కువ కావచ్చు. తర్వాతి షిఫ్టు వాళ్లు అదే పద్ధతి పట్టకపోతే ఇదంతా బూడిదలో పోసిన పన్నీరే.

నా ఓటు రెండోదానికే. అయితే జ్వరమో, వాంతిలో రక్తమో, కొత్త లక్షణం ఏది కనిపించినా వేళ చూడకుండా బీపీ, పల్స్ చూసి డాక్టరుకు చెప్పాల్సిందే. "మీకేం లేదు, అంతా భ్రమ" అనడం మాత్రం ఎందులోనూ కుదరదు. ఆ నొప్పి నిజమే. వైద్యపరమైన కారణం దొరకకూడదన్న షరతును 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక జబ్బులను గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసిన పుస్తకం) కూడా ఈ జబ్బుకు తీసేసింది.