బయటి మూతా, లోపలి మూతా: స్టవ్ మీది ప్రెషర్ కుక్కర్లు రెండు రకాలూ పోల్చి చూస్తే

స్టవ్ మీద పెట్టే ప్రెషర్ కుక్కర్లలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. అంచు మీద మూత పెట్టి, తిప్పి బిగించేది బయటి మూత కుక్కర్. మూతను ఏటవాలుగా లోపలికి దించి, పైకి లాగి కొక్కెం తగిలించేది లోపలి మూత కుక్కర్. ఉడికించడంలో రెండూ సమానమే. లోపల ఒత్తిడి, బయటి గాలి కంటే, చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో పెరిగితే నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. గంట పట్టే గింజలు పావుగంటలో మెత్తబడేది అందుకే. తేడా అంతా మూత దగ్గరే ఉంది, ప్రాణాపాయం ఉన్నదీ అక్కడే.

ఒక లెక్క చూడండి. 20 సెంటీమీటర్ల వెడల్పున్న మూత వైశాల్యం 314 చదరపు సెంటీమీటర్లు. కుక్కర్ పూర్తి ఒత్తిడిలో ఉన్నప్పుడు ఆవిరి ఆ మూతను 300 కిలోలకు పైగా బలంతో పైకి నెడుతుంది. బయటి మూతలో ఆ బలాన్నంతా ఆపి ఉంచేవి అంచు చుట్టూ ఉండే పళ్లే. ఒత్తిడి పూర్తిగా దిగకముందే ఎవరైనా తొందరపడి పిడిని తిప్పారా, పళ్లు జారి మూత ఎగురుతుంది, మరిగే పదార్థం మొహం మీదికి చిమ్ముతుంది. పదో వంతు ఒత్తిడి మిగిలినా 30 కిలోల తోపు ఉంటుందని మరవకూడదు. లోపలి మూతలో అదే ఆవిరి మూతను అంచుకేసి అదుముతుంది. తెరవాలంటే మూతను కిందికి దించాలి, ఆ బలానికి ఎదురుగా దించడం మనిషి చేతికి సాధ్యం కాదు. నా ఓటు లోపలి మూతకు పడటానికి ఈ ఒక్క కారణం చాలు.

అలాగని బయటి మూతను తీసిపారేయలేం. నోరు వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఒకదాని మీద ఒకటి గిన్నెలు పెట్టి వండేవాళ్లకు అదే సౌకర్యం, తోమడమూ తేలిక. లోపలి మూత కుక్కర్‌కు నోరు కడుపు కంటే ఇరుకు, అన్ని గిన్నెలూ పట్టవు, మూత దించే ఒడుపు రావడానికి నాలుగు రోజులు పడుతుంది. బయటి మూతే కావాలనుకుంటే, ఆవిరి ఉన్నంతసేపూ పైకి లేచి ఉండి, పిడిని తిరగనివ్వని పిన్ను ఉన్న రకమే తీసుకోండి. ఆ పిన్ను దానంతటది కిందికి పడాలి. వేలితో నొక్కి దించడం మొదలుపెడితే అది ఉండి ప్రయోజనం లేదు.

ఇక వెయిట్ సంగతి, అంటే మూత మీది ఆవిరి గొట్టంపై పెట్టే బరువు. చాలామంది దీన్ని కూత వేసే బొమ్మలా చూస్తారు గానీ ఒత్తిడిని నిర్ణయించేది అదే. ఆవిరి గొట్టం రంధ్రం 3 మిల్లీమీటర్లుంటే దాని వైశాల్యం 0.07 చదరపు సెంటీమీటర్లు, దాని మీద 70 గ్రాముల వెయిట్ ఉంటే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 1 కిలో దగ్గర ఆగుతుంది. అదే 70 గ్రాముల వెయిట్‌ను 2.5 మిల్లీమీటర్ల రంధ్రం మీద పెడితే ఒత్తిడి 1.4 కిలోలకు ఎక్కుతుంది. వేరే కుక్కర్ వెయిట్ చూడ్డానికి సరిపోయినట్టే ఉన్నా వాడకూడదనేది ఇందుకే. చప్పుడు భరించలేక వెయిట్ మీద తడిగుడ్డ కప్పడం, ఏదైనా బరువు పెట్టడం మరీ ప్రమాదం.

వాడే పద్ధతిలో తప్పులు ఎక్కువగా జరిగేది నింపేటప్పుడే. కూరగాయల్లాంటివైతే కుక్కర్‌లో మూడింట రెండు వంతులకు మించకూడదు. అంటే 5 లీటర్ల కుక్కర్‌లో నీళ్లతో కలిపి 3.3 లీటర్లు. ఉబ్బేవి, నురుగు పొంగేవి అయితే (పప్పులు, గింజలు, బియ్యం) సగమే, అంటే 2.5 లీటర్లు. నురుగు పైకి ఎగదన్నితే పొట్టు, పిండి గొట్టంలోకి చేరి దారి మూస్తాయి. నీళ్లు మరీ తక్కువైనా ముప్పే. ఎంత కొంచెం వండినా పావు లీటరుకు తక్కువ పోయకండి, పది నిమిషాలు దాటి ఉడకాల్సిన వాటికి ఇంకా ఎక్కువ కావాలి. లోపల గిన్నెలు పెట్టి వండేటప్పుడు గిన్నెలోని నీళ్లు ఈ లెక్కలోకి రావు, అడుగున పోసినవే వస్తాయి. నూనె పోసి మూత పెట్టి వేయించడం మాత్రం ఎప్పుడూ వద్దు. నూనె నీళ్ల కంటే చాలా ఎక్కువ వేడెక్కి గాస్కెట్‌ను (మూత అంచున ఆవిరి కారకుండా ఉండే రబ్బరు రింగును) పాడుచేస్తుంది.

మూత పెట్టేముందు దాన్ని వెలుతురుకేసి పట్టుకుని గొట్టంలోంచి చూడండి. గుండ్రటి వెలుగు చుక్క స్పష్టంగా కనిపించాలి. మసగ్గా ఉన్నా, ఒక పక్క నల్లగా ఉన్నా సన్నటి తీగతో పొడిచి, నీళ్ల ధార కింద కడగాలి. ఐదు సెకన్ల పని, దీన్ని మించిన జాగ్రత్త లేదు. తర్వాత వెయిట్ పెట్టకుండానే పెద్ద మంట మీద ఉంచి, గొట్టంలోంచి ఆవిరి ఒకే ధారగా బుస్సున వచ్చాకే వెయిట్ పెట్టండి. దీనివల్ల గొట్టం తెరుచుకుని ఉందని తెలుస్తుంది, లోపలి గాలి కూడా బయటికి పోతుంది. గాలి మిగిలితే ఒత్తిడి ఉన్నా అందుకు తగ్గ వేడి రాదు.

మొదటి కూత రాగానే సిమ్‌లో పెట్టి, అక్కడి నుంచి నిమిషాలు లెక్కపెట్టండి. కూతల లెక్క నమ్మదగింది కాదు. పెద్ద మంట మీద ఐదు కూతలు గబగబా వచ్చేస్తాయి, నీళ్లు ఆవిరైపోతాయి, గింజ మాత్రం పలుకుగానే ఉంటుంది. సన్న మంట మీద వెయిట్ ఉండుండి కదులుతూ చిన్నగా బుసకొడుతుంటే ఒత్తిడి నిలిచినట్టే, గ్యాసూ ఆదా. ఎత్తైన ప్రాంతాల్లో సమయం పెంచాలి: 600 మీటర్లు దాటాక ప్రతి 300 మీటర్లకూ సుమారు 5 శాతం.

స్టవ్ ఆపాక పది, పదిహేను నిమిషాలు వదిలేయడం మంచిది. తొందరైతే మూత అంచుల మీద చన్నీళ్లు పోయొచ్చు గానీ గొట్టం మీద, వెయిట్ మీద పోయకండి. నురుగు వచ్చేవి వండినప్పుడు వెయిట్ ఎత్తి ఒక్కసారిగా ఆవిరి వదిలితే పదార్థం గొట్టంలోంచి చిమ్ముతుంది. కాసేపయ్యాక వెయిట్‌ను చెంచాతో కొద్దిగా ఎత్తి చూడండి. సుయ్యిమనే చప్పుడు ఏమాత్రం రాకపోతేనే మూత ముట్టుకోవాలి. చప్పుడు రాకపోయినా మూత గట్టిగా ఉంటే గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు, అప్పుడు పూర్తిగా చల్లారేదాకా ఆగడమే.

అరిగే భాగాల్లో మొదటిది గాస్కెట్. రెండు వేళ్ల మధ్య పట్టుకుని వంచి చూస్తే దాని ఆయుష్షు తెలిసిపోతుంది. వంపు దగ్గర వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపించినా, లాగి వదిలితే మునుపటి కొలతకు రాకపోయినా, ప్లాస్టిక్‌లా గట్టిపడినా మార్చేయండి. రోజూ వాడితే ఏడాదికొకటి అనుకోవచ్చు. వదులైన గాస్కెట్‌ను ఫ్రీజర్‌లో పెడితే బిగుసుకుంటుందని చాలా ఇళ్లలో చేస్తారు. అది వేడి తగలగానే మళ్లీ సాగుతుంది, పైగా మార్చాల్సిన రోజును మరుగుపరుస్తుంది. ప్రతిసారీ తీసి, గాడిలో ఇరుక్కున్న మెతుకులు కడిగి, ఆరబెట్టి, మూత బిగించకుండా బోర్లించి ఉంచితే రబ్బరు ఎక్కువ రోజులు వస్తుంది, వాసనా పట్టదు.

రెండోది సేఫ్టీ వాల్వ్. చాలా కుక్కర్లలో దీని మధ్య తక్కువ వేడికే కరిగే లోహపు ముక్క ఉంటుంది. నీళ్లు ఇంకిపోయినా, గొట్టం మూసుకుపోయినా అది తెరుచుకుని ఆవిరిని వదిలేస్తుంది. వాల్వ్ పేలిందంటే కుక్కర్ చెడిపోయిందని కాదు, తన పని తాను చేసిందని. కారణం కనుక్కున్నాకే కొత్తది వేయాలి, అదీ ఆ కుక్కర్ తయారీదారుదే. అక్కడ స్క్రూ బిగించడం, ఎంసీల్ (గట్టిపడే అతుకు ముద్ద) పూయడం చేస్తే ఆ కుక్కర్‌కు ఇక చివరి దారి కూడా మూసేసినట్టే.

కూత రావడం లేదంటే ముందు మూత అంచు చూడండి. చుట్టూ ఆవిరి కారుతుంటే గాస్కెట్ పోయినట్టు, లేదా అంచుకు సొట్ట పడినట్టు. ఎక్కడా కారకుండా కూతా రాకపోతే నీళ్లు చాలలేదు, లేదా గొట్టం మూసుకుంది, వెంటనే స్టవ్ ఆపేయాలి. వెయిట్ చుట్టూ నీళ్లు చిందుతుంటే ఎక్కువ నింపారు, లేదా మంట పెద్దది.

అల్యూమినియం త్వరగా వేడెక్కుతుంది, తేలిక. కానీ ఉప్పు, పులుపు ఉన్నవి రాత్రంతా ఉంచితే గుంటలు పడతాయి, సోడా వేసి తోమినా అంతే. లోపల నల్లబడితే నీళ్లలో నిమ్మచెక్క వేసి మరిగిస్తే పోతుంది, ఆ నలుపు హాని చేసేది కాదు. స్టీల్‌కు ఈ బాధల్లేవు, అయితే అడుగు మందంగా, మధ్యలో అల్యూమినియం పొర ఉన్నదై ఉండాలి. పల్చటి స్టీల్ అడుగు ఒకేచోట వేడెక్కి మాడుతుంది. ఇండక్షన్ స్టవ్ ఉంటే అడుగుకు అయస్కాంతం అంటుకోవాలి.

కొనేముందు ఆ మోడల్‌కు గాస్కెట్, సేఫ్టీ వాల్వ్ విడిగా దొరుకుతాయో లేదో అడగండి. పాతది ఎవరైనా ఇస్తే ఆ రెండూ మార్చి, పిడి స్క్రూలు బిగించాకే పొయ్యి ఎక్కించండి. అంచు వంగినా, అడుగు ఉబ్బినా సాగదీసి సరిచేయించొద్దు. అలాంటిదాన్ని మూత పక్కన పెట్టి మామూలు గిన్నెలా వాడుకోవచ్చు.