మంటల్లో నిలబడ్డాయనతో 45 ఏళ్లు

ముందే చెప్పేస్తాను, ఇది పాటల సమీక్ష కాదు, అట్ట సమీక్ష. ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ‘విష్ యూ వర్ హియర్’ ఎల్‌పీ రికార్డు మా ఇంట్లో 1980 నుంచీ ఉంది. ప్లేటు కాకినాడ ఎండలకి పళ్లెంలా వంగిపోయింది. మధ్యలో పన్నెండేళ్లు వినడానికి ఇంట్లో ప్లేయరే లేదు. అట్టను మాత్రం చూడని నెల లేదు. వాడకం లెక్కన చూస్తే నేను ఎక్కువ వాడింది అట్టనే, అందుకే మార్కులు కూడా దానికే వేస్తున్నాను.

మా చిన్న మావయ్య రంగరాయ మెడికల్ కాలేజీలో చదివి 1974లో ఇంగ్లండ్ వెళ్లాడు. ఆరేళ్ల తర్వాత మొదటిసారి వచ్చినప్పుడు పెట్టెలో సబ్బులు, సెంటు సీసాలు, నాన్నగారికి షేవింగ్ సెట్టు, అన్నిటికీ అడుగున రెండు చొక్కాల మధ్య ఈ రికార్డు. మాకు అప్పటికే హెచ్ఎంవి ఫియస్టా ప్లేయరు ఉండేది. దాని మీద ఘంటసాల తప్ప వేరే గొంతు మోగిన గుర్తు లేదు. మావయ్య వెళ్లిపోతూ, "ఇదెక్కడ మోసుకెళ్తాను, మీ దగ్గరే ఉంచండి" అన్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు. బొమ్మ అర్థమైందని అనుకున్నాను. అదీ కాలేదని తర్వాత తెలిసింది.

మొదట బొమ్మ కనపడలేదు కూడా. ఈ రికార్డు 1975 సెప్టెంబరులో షాపుల్లోకి వచ్చిందే నల్ల ప్లాస్టిక్ తొడుగులో. లోపల ఏముందో బయటికి తెలీదు. తొడుగు మీద ఒక స్టిక్కరు, దాని మీద రెండు మర చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. జార్జ్ హార్డీ గీసిన బొమ్మ అది. అంత కష్టపడి ఫొటో తీయించి దాన్ని ముసుగేసి అమ్మడమేంటని అమెరికాలో కొలంబియా కంపెనీ అడ్డం తిరిగిందట. చివరికి బృందం మాటే నెగ్గింది. చాలామంది కొన్న రోజే ఆ తొడుగు చించి పారేసి ఉంటారు. మావయ్య డాక్టరు కదా, రికార్డు బయటికి తీసే వైపు మాత్రం బ్లేడుతో సన్నగా కోశాడు. మా ముందు కూర్చుని ఆ సందులోంచి అట్టను మెల్లగా లాగాడు. ముందు తెల్లటి అంచు వచ్చింది, తర్వాత ఒక గోడ, తర్వాత కోటు వేసుకున్న ఒకాయన, చివరికి మంట.

బొమ్మ ఇది. రెండు వైపులా పెద్ద పెద్ద షెడ్లు, మధ్యలో పొడవాటి ఖాళీ దారి. దారిలో ఇద్దరు సూటు వేసుకున్న మగవాళ్లు చేతులు కలుపుతున్నారు. కుడివైపు ఆయన ఒంటికి నిప్పంటుకుని ఉంది. ఎదుటివాడు మాత్రం ఏమీ జరగనట్టే, బ్యాంకులో లోను కాగితాల మీద సంతకాలు అయ్యాక ఇచ్చే షేక్‌హ్యాండ్ ఇస్తున్నాడు. పరిగెత్తేవాళ్లు లేరు, నీళ్ల బకెట్టు లేదు. ఫొటో చుట్టూ ఉన్న తెల్ల అంచు కూడా మంట వైపున కాస్త కాలి నల్లబడి ఉంటుంది. ఆ కాలిన చోట నేను ఎన్నిసార్లు వేలు పెట్టి రుద్దానో. మసి అంటుతుందనుకునేవాణ్ని. అది అచ్చేసిన కాలుడు, అంతే.

అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇదేం పాణిగ్రహణంరా, అగ్నిహోత్రం పెళ్లికొడుకు మీదే పెట్టారు?" అంది. ఈ అట్ట మీద ఆ తర్వాత ఎంతోమంది రాసింది చదివాను. అంత మంచి మాట ఒక్కటీ దొరకలేదు.

నేనైతే అది జగన్నాథపురం గోడౌన్ల దగ్గర తీసిన ఫొటో అనుకున్నాను. వంతెన దాటాక పోర్టు వైపు వెళ్తుంటే అచ్చం అలాంటి గోడలే, అలాంటి నిశ్శబ్దమే. నిజానికి అది లాస్ ఏంజెలెస్ పక్కన బర్బ్యాంక్‌లో ఉన్న వార్నర్ బ్రదర్స్ స్టూడియో ఆవరణ. షెడ్లు సినిమా షూటింగ్ ఫ్లోర్లు. ఆ సంగతి తెలిసేసరికి నాకు ఇరవై దాటాయి. ఇప్పటికీ ఆ వంతెన మీదుగా వెళ్తే కళ్లు కుడివైపు ఆయన కోసం వెతుకుతాయి.

ఫొటో తీసింది ఆబ్రీ పావెల్. ఆలోచన స్టార్మ్ థార్గర్సన్‌ది. ఇద్దరూ కలిసి హిప్నోసిస్ పేరుతో రికార్డుల అట్టలు తయారుచేసేవారు. 1975లో కంప్యూటరులో మంట అతికించే వీలు లేదు. కాబట్టి నిజంగానే మనిషికి నిప్పంటించారు. ఆయన పేరు రానీ రాండెల్, హాలీవుడ్ స్టంట్ మనిషి. సూటు కింద నిప్పు సోకని బట్టలు, తల మీద తొడుగు, దాని మీద విగ్గు. పావెల్ చెప్పిన లెక్కలో 15 సార్లు అంటించారు. ఒకసారి గాలి ఎదురు తిరిగి మంట మొహం మీదికి వచ్చి రాండెల్ మీసం కాలింది. విగ్గు దొంగదే కానీ మీసం సొంతం! ఎదురుగా చెయ్యి అందించిన ఇంకో స్టంట్ మనిషి డానీ రోజర్స్. ఆయన గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు మాత్రం ఆయన ధైర్యమే ఎక్కువనిపిస్తుంది. నిప్పంటుకున్న మనిషి చేయి పట్టుకుని మొహంలో ఏమీ కనపడనివ్వకుండా నిలబడటం మాటలా?

రాండెల్ గారు 2025 ఆగస్టులో 88 ఏళ్ల వయసులో పోయారు. వార్త చదివిన రోజు అట్ట తీసి కాసేపు ముందు పెట్టుకు కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి చూసి, "ఎవరో దగ్గరవాళ్లు పోయినట్టు ఆ మొహమేంటి" అంది. దగ్గరవాళ్లే మరి. మా బంధువుల్లో ఎంతమంది మొహాలు 45 ఏళ్లుగా ఇలా చూస్తున్నాను?

ఈ బొమ్మకి అర్థం చెప్పమంటే ఇంగ్లీషు వాళ్లు పెద్ద వివరణ ఇస్తారు. అక్కడి సంగీతం వాళ్లకి రావలసిన డబ్బు రాకపోతే ‘కాలింది’ అంటారట. కాలుతుందేమోనన్న భయంతోనే జనం మనసులో మాట దాచుకుని పైకి మర్యాదగా చేతులు కలుపుతారట. మనకి ఇదంతా ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. వ్యాపారంలో చేతులు కాల్చుకున్నవాళ్లు లేని ఇల్లు ఏ ఊళ్లో ఉంది? మా పెదనాన్న రొయ్యల చెరువు సంగతి అయ్యాక ఒకరోజు ఈ అట్ట చూసి, "ఈయనా చెరువేశాడా?" అని అడిగాడు.

ముందు బొమ్మ నిప్పయితే వెనక బొమ్మ నేల. అమెరికాలోని యూమా ఎడారి ఇసకలో టోపీ, సూటు వేసుకున్న ఒక సేల్స్‌మన్. చేతిలో అద్దంలా అవతలి వైపు కనపడే రికార్డు. సరిగ్గా చూస్తే ఆయనకి మొహం లేదు. మణికట్లు లేవు, చీలమండలు లేవు. సూటు మాత్రం నిలబడి ఉంది. లోపలి కవరు మీద ఒకవైపు గాలికి ఎగిరే ఎర్ర వస్త్రం, ఇంగ్లండులో నార్‌ఫోక్ అనే చోట తీసింది. రెండోవైపు నీరు. కాలిఫోర్నియాలో మోనో లేక్ అనే ఉప్పునీటి సరస్సులో ఒకడు తలకిందులుగా మునిగి ఉంటాడు, కాళ్లు మాత్రం నిటారుగా పైకి. నీళ్ల మీద ఒక్క అల కూడా ఉండదు, చుక్క చిందదు. ఆ మనిషి నీళ్లలో తలకిందులుగా నిలబడి, అలలన్నీ సర్దుకునేదాకా ఊపిరి బిగబట్టి ఉంటే అప్పుడు తీశారు. ఎప్పుడు దూకాడో నీటికే తెలియనట్టు ఉంటుంది.

ఇక్కడ నాన్నగారి మాట ఒకటి చెప్పాలి. ఆయన తెలుగు మాస్టారు. నాలుగు బొమ్మలూ వరసగా చూసి, "నిప్పు, నేల, గాలి, నీరు. ఐదోది ఏదిరా, ఆకాశం?" అన్నారు. తెల్లవాళ్ల లెక్కలో భూతాలు నాలుగే అని మావయ్య అన్నాడు. నాన్నగారు ప్లేటు చేతిలోకి తీసుకుని, "ఆకాశానికి గుణం శబ్దం కదా, అయితే ఐదోది ఇందులో ఉందన్నమాట" అన్నారు. అట్ట చేసినవాళ్లు ఇంత దూరం ఆలోచించి ఉండరు. అయినా మా ఇంట్లో ఇదే ఖాయమైన వ్యాఖ్యానం.

ఇక మన్నిక. సముద్రం పక్క ఊళ్లో అట్టకి ఆయువు తక్కువ. తెల్ల అంచు పదేళ్లకే మజ్జిగ రంగుకి, ఇప్పుడు పలచటి టీ రంగుకి వచ్చింది. లోపలి ప్లేటు ఒరిపిడికి ముందు బొమ్మ మీద గుండ్రటి గీత పడింది. అది సరిగ్గా ఇద్దరి చేతుల పక్క నుంచి పోతుంది. నిలబెట్టకుండా అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చిన పాపానికి వచ్చిన గీత అది. ఒక వర్షాకాలం వెండి పురుగులు కింది మూల కొరికాయి. పై కుట్టు విడిపోతే చిన్నప్పుడు నేనే సెల్లోటేపు వేశాను. ఎవరూ ఆ పని చేయకండి. టేపు ఊడి పోతుంది, జిగురు మరక పోదు.

అసలు దెబ్బ 1998లో తగిలింది. హైదరాబాదులో కొత్త ఇంట్లో గోడకి పెట్టుకుందామని ఫ్రేము కట్టే షాపులో ఇచ్చాను. "అతికించకండి, ఊరికే అద్దం వెనక బిగించండి" అని రెండుసార్లు చెప్పాను. వాళ్లు వెనకవైపంతా బంక రాసి హార్డ్‌బోర్డుకి పట్టించేశారు. మళ్లీ ఊడదీసేటప్పుడు ఎడారి సేల్స్‌మన్ మోకాళ్ల దగ్గర కాగితం పొర లేచిపోయింది. అసలే మొహం లేని మనిషి, ఇప్పుడు మోకాళ్లూ లేవు. షాపాయన, "వెనకవైపు ఎవరు చూస్తారండీ" అన్నాడు.

ఆ నల్ల తొడుగు సంగతి కూడా. పాత ప్లాస్టిక్ తొడుగు ఏళ్లు గడిచేకొద్దీ బిగుసుకుంటుంది. అట్టను, లోపల ప్లేటును కూడా విల్లులా వంచుతుంది. మా ప్లేటు వంకరలో సగం పాపం ఎండది, సగం ఈ తొడుగుది. స్టిక్కరు ఉన్న ముక్క కత్తిరించి దాచి, మిగతాది తీసేశాను. పాత రికార్డు ఎవరి దగ్గరైనా తొడుగుతో ఉంటే అందం చూసి మోసపోకండి.

ఇదే బొమ్మ నా దగ్గర ఇంకో మూడు సైజుల్లో ఉంది. క్యాసెట్‌లో అగ్గిపెట్టెకి కాస్త పెద్ద. మంట కనపడేది, మొహాలు కనపడేవి కావు. సీడీలో 12 సెంటీమీటర్లు, ఫర్వాలేదు. ఫోనులో గోరంత. మా అబ్బాయి ఫోనులో చూసి, "ఆరెంజ్ కలర్ జెండా ఏదో పట్టుకున్నాడు" అన్నాడు. వాడి తప్పేం లేదు. ఎల్‌పీ అట్ట పన్నెండు అంగుళాలు, ఒళ్లో పెట్టుకుంటే ఒడి నిండుతుంది. ఈ బొమ్మలో ఉన్నదంతా దూరమే. ఆ పొడవాటి దారి, చుట్టూ ఎవరూ లేకపోవడం. చిన్నది చేస్తే ముందు పోయేది ఆ ఖాళీయే.

పాటల గురించి రాయనన్నాను గానీ ఒక సంగతి అట్టకి కూడా అవసరం. ఈ రికార్డులో చాలా భాగం లేని మనిషి గురించి. బృందం మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన సిడ్ బారెట్ మనసు చెదిరి 1968లోనే దూరమయ్యాడు. ఏడేళ్ల తర్వాత, 1975 జూన్ 5న, లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో వీళ్లు ఈ రికార్డు పనిలోనే ఉండగా ఒక లావుపాటి మనిషి గుండుతో, కనుబొమలు కూడా గీసేసుకుని లోపలికి వచ్చాడు. కాసేపటిదాకా ఎవరూ పోల్చుకోలేదు. అది సిడ్. ఇది చదివిన రోజు నాకు సామర్లకోట స్టేషన్ గుర్తొచ్చింది. మావయ్య రైలు దిగినప్పుడు అమ్మమ్మ ఆయన్ని దాటి వెనకాల వస్తున్న వేరే కుర్రాణ్ని చూసి నవ్వింది. మావయ్యకి జుట్టు పోయింది, పైగా పొట్ట. "అమ్మా, నేనిక్కడ" అనాల్సి వచ్చింది.

ఎల్‌పీతో పాటు ఒక పోస్టుకార్డు ఇచ్చేవారు, ఆ నీళ్లలో కాళ్ల బొమ్మతో. రికార్డు పేరు కూడా అక్కడివాళ్లు సెలవులకి వెళ్లి పోస్టుకార్డుల మీద రాసి పడేసే మాటే. మన ‘ఉభయకుశలోపరి’లాంటిది, చేయి దానంతటది రాసేస్తుంది. మా అట్టలో ఆ కార్డు లేదు. ఎక్కడో పోయిందని మావయ్య అన్నాడు.

1994లో అమ్మమ్మ పోయాక పడమటింట్లో ఉత్తరాల తీగ దించాం. కొక్కెం ఉన్న ఇనప తీగ, ఇరవై ఏళ్ల ఉత్తరాలు గుచ్చి ఉన్నాయి. మధ్యలో ఎక్కడో ఈ కార్డు. తీగ సరిగ్గా నీళ్ల మీద తేలిన కాళ్ల మధ్య నుంచి దిగింది. ఇంగ్లండ్ స్టాంపు, ముద్ర 1976 మేది. వెనక మావయ్య దస్తూరీ, డాక్టరు దస్తూరీ కాకముందుది: "అమ్మకు నమస్కారములు. ఉభయకుశలోపరి. ఉద్యోగం బాగుంది. చలి అలవాటైంది. నా గురించి బెంగ పెట్టుకోవద్దు." కింద చోటు చాలక అంచు వెంబడి నిలువుగా ఇంకో లైను: "కొత్తావకాయ కలిపేసి ఉంటారు."

బొమ్మకి పదికి పది. అట్ట నాణ్యతకి ఆరు, అందులో ఒకటి ఇంగ్లండువాళ్ల మీద గౌరవంతో. పాత ముద్రణ కొనేవాళ్లు లోపలి కవరు, కార్డు ఉన్నాయో లేదో చూసుకోండి, వాటికే ధర. మా కార్డును మాత్రం అట్టలో పెట్టడం లేదు. చిల్లు చుట్టూ తీగ తుప్పు ఇంకా రాలుతోంది, తెల్ల అంచుకి అంటుతుందని విడిగా ప్లాస్టిక్ కవర్లో ఉంచాను.