మంచులో మాటు చోటు బయటపడకుండా: సెల్యులార్ ట్రైల్ కెమెరా ఎంతవరకు పనికొస్తుంది?

వేటకు పొంచి కూర్చునే మాటు చోటు ఎంత గుట్టుగా ఉంచుకున్నా, మంచు పడిన మర్నాడే అడుగుల వరుస పట్టించేస్తుంది. అందుకని ఈ కాలంలో డబ్బు పెట్టదగ్గ సరుకు ఏదైనా ఉందంటే, ఆ చోటికి మనం వెళ్లాల్సిన సార్లు తగ్గించేదే. ఆ లెక్కన సెల్యులార్ ట్రైల్ కెమెరాకే (జంతువు కదలగానే తనంతట తానే ఫొటో తీసి మొబైల్ నెట్‌వర్క్ మీద పంపేది) మొదటి ఓటు. ఫొటోలు ఫోన్‌కే వస్తాయి కాబట్టి పెట్టేటప్పుడు ఒక జాడ, తీసేటప్పుడు ఒక జాడ, అంతే. మామూలు ఎస్‌డీ కార్డు కెమెరా ఇక్కడ మనకే ఎదురు తిరుగుతుంది. కార్డు కోసం వెళ్లిన ప్రతిసారీ ఊరందరికీ దారి వేసి వచ్చినట్టే. తెల్లని మంచు సూట్లు మనిషిని దాస్తాయి గానీ చోటును దాచవు. పైగా తుపాకీ సీజన్‌లో తోటి వేటగాళ్లకు కనబడేలా ఆరెంజ్ రంగు దుస్తులు తప్పనిసరి అయిన చోట్ల అది విప్పి తెల్లది వేసుకోవడం చట్టవిరుద్ధం, ప్రమాదం కూడా.

ఏ కంపెనీ కెమెరా అన్నదానికంటే అందులో ఏ సెల్స్ వేశారన్నది ముఖ్యం. వీటిలో చాలావాటికి 8 లేదా 12 ఏఏ సెల్స్ పడతాయి. ఆల్కలైన్ వేస్తే గడ్డకట్టే చలిలో చేతులెత్తేస్తాయి. వాటి లోపలి ఎలక్ట్రోలైట్‌లో నీరు ఉంటుంది. చలికి లోపలి రసాయన చర్య మందగించి, ఫొటో పంపేటప్పుడు మోడెమ్ (నెట్‌వర్క్‌కు కలిపే భాగం) ఒక్కసారిగా లాగే కరెంటును అవి ఇవ్వలేవు. వోల్టేజీ పడిపోయి కెమెరా ఆగిపోతుంది. అవే సెల్స్ ఇంటికి తెచ్చి వెచ్చబెడితే మళ్లీ బాగానే చూపిస్తాయి. అందుకే చాలామంది తప్పు కెమెరాదే అనుకుంటారు. రీచార్జ్ చేయలేని లిథియం ఏఏ సెల్స్ మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ దాకా పనిచేసేలా తయారవుతాయి. బరువు కూడా తక్కువ, ఆల్కలైన్ సుమారు 23 గ్రాములుంటే ఇవి 15.

వీటికీ ఒక చిక్కుంది. వోల్టేజీ చివరిదాకా దాదాపు ఒకే తీరున ఉంటుంది. యాప్‌లో మీటరు నిండుగా ఉన్నట్టే చూపిస్తూ, ఉన్నట్టుండి సున్నాకి పడుతుంది. మెనూలో బ్యాటరీ రకాన్ని లిథియం అని మార్చకపోతే అంచనా ఇంకా తప్పుతుంది. మీటరును నమ్మకుండా, సెల్స్ వేసిన తేదీ, అప్పటినుంచి వచ్చిన ఫొటోల సంఖ్య రాసిపెట్టుకోవడం మంచిది. పాత సెల్స్, కొత్త సెల్స్ కలిపి వేయకూడదు. బలహీనమైన ఒక్క సెల్ మిగతావాటినీ ముంచుతుంది.

సెట్టింగుల్లో మార్చాల్సింది ముఖ్యంగా ఒక్కటే: ఫొటో తీసిన వెంటనే పంపడం మానేసి, రోజుకు ఒకసారి లేదా రెండుసార్లు మూటగా పంపేలా పెట్టాలి. బ్యాటరీని ఎక్కువగా తినేది ఫొటో తీయడం కాదు, నెట్‌వర్క్ వెతుక్కోవడం. సిగ్నల్ ఒక గీత దగ్గర ఊగిసలాడే లోయలో ఆ ఖర్చు ఇంకా పెరుగుతుంది. వీడియో ఆపేయాలి. సోలార్ ప్యానెల్ ఉంటే నిటారుకు దగ్గరగా నిలబెట్టాలి. శీతాకాలపు సూర్యుడు ఎలాగూ కిందుగానే ఉంటాడు, ఆ వాలుకు మంచు కూడా నిలవదు. బల్లపరుపుగా పెట్టిన ప్యానెల్ మొదటి మంచుకే దుప్పటి కప్పుకుంటుంది.

ఇక బిగింపు. నడుము ఎత్తున పట్టీతో కట్టడం అలవాటే గానీ మంచులో అది రెండు విధాలా చెడ్డది. మంచు మట్టం పెరిగేకొద్దీ కెమెరా నేలకు దగ్గరై ఫ్రేము మారిపోతుంది. జాడ పట్టుకుని వచ్చినవాడి కంటికి సరిగ్గా ఎదురుగానూ ఉంటుంది. 3 మీటర్ల ఎత్తులో, స్క్రూ మౌంటు మీద, కిందికి వంచి బిగిస్తే రెండూ తీరతాయి. జాడ చూస్తూ నడిచేవాడు తల పైకెత్తడం అరుదు. చెట్టెక్కడానికి నిచ్చెన ముక్కలు మోయాల్సి వస్తుంది. ఆ శ్రమ దండగ కాదు, కానీ మంచు పట్టిన మెట్టు మీద జారడం తేలిక కాబట్టి నడుముకు తాడు లేకుండా ఎక్కకండి. ఉత్తరార్ధగోళంలో లెన్సు ఉత్తరం వైపు చూడాలి. దక్షిణానికి తిప్పితే కిందుగా ఉన్న ఎండ, మంచు మీది మెరుపు కలిసి ఫొటోలను తెల్లగా కాల్చేస్తాయి.

రాత్రి ఫొటోలకు వాడే ఇన్‌ఫ్రారెడ్ (కంటికి దాదాపు కనబడని వెలుగు) ఫ్లాష్ విషయంలో 940 నానోమీటర్ల రకమే తీసుకోవాలి. 850 రకం వెలుగు ఎక్కువ దూరం పోతుంది కానీ చీకట్లో ఎర్రని చుక్కలా కనబడుతుంది, దాచిన ప్రయోజనం అక్కడే పోతుంది. మంచు ఇన్‌ఫ్రారెడ్‌ను బాగా తిప్పికొడుతుంది. దగ్గరి నేల తెల్లని మచ్చగా మారి వెనక నిలబడ్డ జింక మసకబారుతుంది. ఫ్లాష్ బలాన్ని ఒక మెట్టు తగ్గిస్తే ఆ తెల్లదనం తగ్గుతుంది. సెన్సారు పనిచేసేది కదిలే వేడి మీద. చల్లని నేపథ్యంలో వెచ్చని జంతువు స్పష్టంగా తేలుతుంది కాబట్టి చలికాలంలో సెన్సారు చురుగ్గానే ఉంటుంది. కాకపోతే మంచు బరువుకు వంగిన కొమ్మ ఎండకు విదిలించుకుని పైకి లేచిన ప్రతిసారీ ఒక ఖాళీ ఫొటో వస్తుంది. ముందే ఆ కొమ్మను పక్కకు కట్టేయాలి. కోస్తే తెల్లని కోత మచ్చ దూరానికే కనిపిస్తుంది. వెచ్చని కారులోంచి నేరుగా తీసి బిగించకూడదు. వెచ్చని లెన్సు మీద పడ్డ మంచు కరిగి అక్కడే గడ్డకడుతుంది. రాత్రంతా బయట పెట్టి చల్లబరిచి, అప్పుడు తీసుకెళ్లాలి. బిగించేటప్పుడు లెన్సు మీద ఊపిరి వదలకపోవడం కూడా అందులో భాగమే.

ఇన్ని చేసినా, పెట్టడానికి వెళ్లిన ఆ ఒక్క జాడ మిగులుతుంది. మంచు మొదలయ్యే ముందు గానీ, కురుస్తూండగా గానీ వెళ్తే అదే కప్పేస్తుంది. ఆగిపోయాక వెళ్తే ఆ గుర్తులు చాలా రోజులుంటాయి. మధ్యాహ్నపు ఎండకు మెత్తబడ్డ మంచులో దిగిన అడుగు రాత్రికి గడ్డకట్టి అచ్చులా మిగిలిపోతుంది. తొక్కిన మంచు చుట్టూ ఉన్నదానికంటే గట్టిబడి నెమ్మదిగా కరుగుతుంది. అందుకే కొన్నాళ్లకు గాలికి, ఎండకు చుట్టుపక్కల మంచు తగ్గిపోయి పాత అడుగులు దిమ్మెల్లా పైకి లేచి కనిపిస్తాయి. తెల్లవారుజామున గడ్డకట్టిన మంచు పెచ్చు గట్టిగా మనిషిని మోస్తున్నప్పుడు నడిస్తే దాదాపు ఏమీ పడదు. వీలున్నంతవరకు ఇతరులు తొక్కిన బాటలోనే సాగి, బండరాయి తేలిన చోటో, గాలికి మంచు ఎగిరిపోయిన గట్టు మీదో, దట్టమైన దేవదారుల కిందో పక్కకు తప్పుకోవాలి. జాడను మాటు దగ్గర ఆపేయకండి. ఒకచోట ముగిసిన వరుస ‘ఇక్కడే’ అని చెప్పినట్టే. దాటి ముందుకు పోయి వేరే బాటలో కలవాలి.

వెనక్కి నడవడం, కొమ్మ ఈడ్చడం లాంటి చిట్కాలు వినడానికే బాగుంటాయి. ఈడ్చిన కొమ్మ గీసే చీపురు గీత మామూలు అడుగులకంటే ఎక్కువ ఆకర్షిస్తుంది. వెనక్కి నడిచినవాడి మడమ గీతలను చూసే అలవాటున్నవాడు ఇట్టే గుర్తుపడతాడు. బండి విషయంలోనూ అంతే. మంచు మీద ఒంటరిగా ఆగిన బండి, దాని పక్కనుంచే మొదలైన అడుగులు ఉంటే కెమెరా ఎంత ఎత్తున ఉన్నా లాభం లేదు. పది బళ్లు ఆగే చోట ఆపి దూరం నడవాలి.

కెమెరా మరో రకంగానూ చోటును అమ్మేస్తుంది. ఫొటో అడుగున పట్టీ మీద తేదీ, ఉష్ణోగ్రతతో పాటు మీరు పెట్టిన కెమెరా పేరు కూడా అచ్చవుతుంది. ‘వాగు మలుపు’ అని పేరు పెట్టుకుని ఆ ఫొటో స్నేహితులకు పంపితే ఇక దాచేదేముంది? పేరుకు బదులు అంకె పెట్టండి. జీపీఎస్ ఉన్న మోడళ్లలో లొకేషన్ ముద్ర ఆపేయండి, పంపే ముందు పట్టీని, వెనకున్న కొండ గీతను కత్తిరించండి. కెమెరాను ఎవరైనా ఎత్తుకుపోయే అవకాశం ఉంది కాబట్టి దానికి పిన్ పెట్టడం తప్పనిసరి. ఇంత గుట్టులోనూ ఒక్కరికి మాత్రం కచ్చితమైన చోటు రాసి ఇవ్వాలి. మంచులో కాలు బెణికినా, దారి తప్పినా వెతకాల్సింది వాళ్లే.

వేట ఫలించిన రోజున కెమెరా చేసేదేమీ లేదు. ఈడ్చిన కళేబరం, స్లెడ్డు (మంచు మీద లాగే బల్ల) వేసే వెడల్పాటి కాలువ, నెత్తురు చుక్కలు, పేగుల మీద వాలిన కాకులు దూరంనుంచే పిలుస్తాయి. అక్కడి నిబంధనలు ఒప్పుకుంటే ముక్కలు చేసి వీపు మీద మోయడమే నయం.

కొనేముందు చట్టం చూసుకోవాలి. అమెరికాలో అరిజోనా 2022 నుంచి వేటకు ట్రైల్ కెమెరాల వాడకాన్నే నిషేధించింది. యూటాలో ప్రభుత్వ భూముల్లో పెద్ద జంతువుల వేట కోసం జూలై 31 నుంచి డిసెంబరు 31 దాకా కుదరదు, అంటే మంచు వేట చాలావరకు అందులోనే పోతుంది. మరికొన్ని చోట్ల అప్పటికప్పుడు ఫొటో పంపే రకానికే అభ్యంతరం. అలాంటి చోట ఈ డబ్బు దండగే, మంచు పడకముందే కాలినడకన చూసిపెట్టుకోవడం తప్ప దారి లేదు. సిగ్నల్ లేని అడవికీ అంతే. ముందు ఫోన్ తీసుకెళ్లి, కెమెరా బిగించబోయే ఎత్తుకు ఎక్కి, అక్కడినుంచి ఒక ఫొటో పంపి చూడండి. అది పోకపోతే కెమెరాదీ పోకపోవచ్చు.