32 వేలలో ప్రాసెసర్‌కెంత, కార్డుకెంత? దాదాపు మూడేళ్లు వాడాక

2023 జనవరిలో నేనూ, మా మేనమామ కొడుకూ ఒకే వారంలో విశాఖ ద్వారకానగర్‌లో గేములాడే పీసీలు కట్టించుకున్నాం. ఇద్దరి దగ్గరా ఉన్నది ఇంచుమించు ఒకే డబ్బు, పంచుకున్న తీరు మాత్రం పూర్తిగా తిరగేసి. నేను ఐ3-12100ఎఫ్ ప్రాసెసర్‌కి 8,900, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డుకి 23,500 పెట్టాను. వాడు రైజెన్ 7 5700ఎక్స్ ప్రాసెసర్‌కి 18,500 పోసి, మిగిలిన 13,500తో జీటీఎక్స్ 1650 కార్డు తీసుకున్నాడు. బోర్డు, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, 550 వాట్ల పవర్ సప్లై, క్యాబినెట్ అన్నీ కలిపి నాకు ఇంకో 21,300 అయింది.

"బావా, కొంటే ఎనిమిది కోర్లది కొనాలి. కార్డు ఎప్పుడైనా మార్చుకోవచ్చు" అని వాడి వాదన. కోర్ అంటే ప్రాసెసర్‌లో విడిగా పని చేసుకుపోయే ఒక్కో భాగం. బిల్లు రాసే కుర్రాడు కూడా నా లిస్టు చూసి "నాలుగు కోర్లా సార్, ఆఫీసు పనికా?" అన్నాడు. కాస్త మనసు పీకిన మాట నిజమే.

ఇంటికొచ్చి ఇద్దరం సైబర్‌పంక్ 2077 గేము వేశాం. 1080పీ రిజల్యూషన్‌లో హై సెట్టింగుల మీద నాకు సెకనుకి 65 ఫ్రేములు (బొమ్మలు) వచ్చేవి. వాడు అన్నీ లో, మీడియం మధ్యకు దించినా 35, 40 దగ్గరే కొట్టుమిట్టాడేవాడు. ఆ పక్కన వాడి 5700ఎక్స్ ఇరవై శాతం వాడకంతో హాయిగా కునుకు తీస్తోంది.

ఎందుకిలా అంటే, ఆర్‌కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి గుర్తు తెచ్చుకోండి. ఒకడు ఉల్లిపాయలు, టమాటాలు తరుగుతుంటాడు, ఇంకొకడు కలిపి పొట్లాలు కడతాడు. తరిగేవాడు ఎంత చురుకైనా కలిపేవాడి చెయ్యి ఆడకపోతే జనం అలాగే నిలబడతారు. గేములో ఎవరెక్కడున్నారు, బుల్లెట్ ఎటు పోయింది, ఏమేం గీయాలి అని ప్రతి ఫ్రేముకీ తేల్చి ఇచ్చేది ప్రాసెసర్. దాన్ని బొమ్మగా గీసేది కార్డు. రిజల్యూషన్, టెక్స్చర్లు పెంచితే బరువంతా కార్డు మీదే పడుతుంది. ఎక్కువ ఫ్రేములు కావాలంటే మాత్రం ప్రాసెసర్ కూడా అంత వేగంగా అందించాలి.

మొదటి ఎనిమిది నెలలు నాదే పైచేయి. తర్వాతే కథ మారింది.

2023 సెప్టెంబరులో సైబర్‌పంక్‌కి 2.0 అప్‌డేట్ వచ్చింది, దాంతో ప్రాసెసర్ మీద పని పెరిగింది. ఆ వెంటే వచ్చిన ఫాంటమ్ లిబర్టీ అనే అదనపు భాగంలోని డాగ్‌టౌన్ ప్రాంతంలో కారు నడుపుతుంటే ఫ్రేములు 45కి పడిపోయి, మధ్యమధ్యలో గతుకుల రోడ్డులా కుదుపులు. ఆఫ్టర్‌బర్నర్ (కార్డు వాడకం చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టి చూస్తే కార్డు వాడకం 98 శాతం నుంచి 70కి జారుతోంది. అంటే కార్డు ఖాళీగా ఎదురుచూస్తోందన్నమాట. సెట్టింగుల్లో క్రౌడ్ డెన్సిటీ (వీధుల్లో జనం రద్దీ) తగ్గిస్తే కొంత నయమైంది. అదే నెలాఖర్లో కౌంటర్-స్ట్రైక్ 2 అనే షూటింగ్ గేము వచ్చింది. సగటున 170 ఫ్రేములు చూపించేది, తీరా పొగ బాంబులు పడి పదిమందీ ఒకచోట చేరాక 80 దిగువకు వచ్చేది. సెకనుకి 144 బొమ్మలు చూపించగల 144 హెర్ట్జ్ మానిటర్ మీద ఆ తేడా కంటికి గుచ్చుకుంటుంది. అప్పటినుంచి సగటు ఫ్రేముల లెక్కను నేను పెద్దగా నమ్మను. అతి తక్కువకు ఎంత పడుతోంది అన్నదే చూస్తాను.

తప్పు ఎవరిదో పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి చాలా మోటుది. రిజల్యూషన్‌ని 720పీకి దించి చూస్తాను. ఫ్రేములు బాగా పెరిగితే కార్డు చాలడం లేదు, పెరక్కపోతే ప్రాసెసర్ చాలడం లేదు. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ మొత్తం వాడకం 50 శాతమే ఉంది కదా అని మోసపోకూడదు. ఒక్క కోర్ నిండిపోయి మిగతావి ఖాళీగా ఉన్నా ఆ సంఖ్య అలాగే కనిపిస్తుంది.

అన్నట్టు, ప్రాసెసర్ మీద పెట్టిన నిందలో కొంత ర్యామ్‌ది. షాపులో నాకు 16 జీబీ ఒకే స్టిక్ పెట్టిచ్చారు. ఏడాది దాకా నేనూ పట్టించుకోలేదు. దాన్ని ఇచ్చేసి 8 జీబీవి రెండు వేశాక కుదుపులు బాగా తగ్గాయి. రెండు ఛానెళ్లలో డేటా నడవడమే కారణం. నాది హెచ్610 బోర్డు, దానికి ర్యామ్ స్లాట్లు రెండే, కాబట్టి మొదటే సరిగ్గా వేయించుకోవాల్సింది.

నన్ను నిజంగా ఏడిపించింది 2024 వానాకాలం. మాది పెదవాల్తేరు, కిటికీ తీస్తే సముద్రం గాలి. క్యాబినెట్ స్క్రూలు, వెనక స్లాట్ రేకులు అప్పటికే తుప్పు పట్టాయి. డస్ట్ ఫిల్టర్ మీద దుమ్ము ఉప్పుతో కలిసి జిగురులా అంటుకునేది. ఆగస్టులో కార్డు ఫ్యాను ఒకటి గరగరమని ఆగిపోయింది. వారంటీ ఉంది కదా అని ఇస్తే 23 రోజులు తిప్పారు, ఫోన్ చేసిన ప్రతిసారీ "రేపు సార్". ఆ కార్డు లేక పీసీ తెరే వెలగలేదు, ఎందుకంటే ప్రాసెసర్ పేరు చివర ఉన్న ఆ ఎఫ్ అక్షరానికి అర్థం లోపల గ్రాఫిక్స్ లేదని. కొన్నప్పుడు వెయ్యో పదిహేను వందలో మిగిలిందని మురిసిపోయాను. చివరికి ఆఫీసులో ఒకాయన పాత జీటీ 710 కార్డు అరువిస్తే దాంతో నెట్టుకొచ్చాను. ఇంట్లో స్పేర్ కార్డు లేనివాళ్లు, ఆ పీసీ మీదే పని కూడా చేసుకునేవాళ్లు ఎఫ్ లేని ప్రాసెసరే తీసుకోండి.

2025 జూన్‌లో సెకండ్‌హ్యాండ్‌లో ఐ5-12400ఎఫ్ 6,500కి దొరికింది. (అవును, మళ్లీ ఎఫ్. జీటీ 710 ఇంకా నా దగ్గరే ఉందిలెండి.) సాకెట్ అదే, బోర్డు అదే, పని అరగంటలో అయిపోయింది. ఆరు కోర్లు, 18 ఎంబీ క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ). డాగ్‌టౌన్‌లో ఇప్పుడు 60 దగ్గర నిలబడుతోంది, కౌంటర్-స్ట్రైక్ 2 వంద కిందకి రావడం అరుదు. కార్డు మళ్లీ 97, 98 శాతంలో పనిచేస్తోంది. రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా గీసే బరువైన పని) ఊసెత్తకపోతే ఆర్‌ఎక్స్ 6600 మీద నాకింకా ఫిర్యాదు లేదు. గరిష్ఠంగా 132 వాట్లు తాగే కార్డు కాబట్టి మే నెల ఉక్కపోతలో కూడా గదిని మరీ కొలిమి చేయదు.

మా వాడి సంగతి చెప్పకుండా ఉంటే అన్యాయం. వాడు ఆడేది తొంభై శాతం వాలరెంట్ అనే గేము. దానికి జీటీఎక్స్ 1650 సరిపోతుంది. పైగా గాజువాకలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు, అక్కడ ఆ ఎనిమిది కోర్లు డబ్బులు సంపాదించి పెట్టాయి. కొత్త గేముల జోలికి వచ్చినప్పుడే వాడికి కడుపు మండేది. పోయిన దసరాకి 1650 అమ్మేసి వాడూ 6600కే వచ్చాడు. వాడిది పాత బీ450 బోర్డు. అందులో పీసీఐఈ (కార్డుని బోర్డుతో కలిపే దారి) పాత 3.0 తరానిది కాబట్టి, ఎనిమిది లేన్లే ఉన్న ఈ కార్డుకి నా బోర్డుతో పోలిస్తే దారి సగం వెడల్పే దొరుకుతుంది. నా పీసీతో పక్కపక్కన పెట్టి చూసినా చాలా గేముల్లో తేడా కనిపెట్టలేకపోయాను.

ఇవాళ ఇదే డబ్బుతో మళ్లీ కడితే ప్రాసెసర్‌కి ఆరు కోర్లకు తగ్గను, ఎనిమిదికి పోను, మిగిలిందంతా కార్డుకే. అప్పుడు ఐదారు వేలు కలవకపోవడం వల్లే ఐ3 కొన్నాను. రెండున్నరేళ్లు లాగింది, దాని ధరకి అది తక్కువేం కాదు. ఇప్పుడు దాన్ని నాన్నగారి లెక్కల పీసీలో వేద్దామనుకున్నాను. బోర్డు ధర కూడా కనుక్కున్నాక ఆ ఎఫ్ గుర్తొచ్చింది. జీటీ 710 వేసేద్దామా అంటే అది అరువు సొత్తు, ఆయన ఇంకా అడగలేదంతే.