కనుమ రాత్రి పార్టీకి తియ్యటి షాట్లు: కాఫీదా, జీడిపప్పుదా, జెల్లీయా?

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి దిగిన కుర్రాళ్లు కనుమ రాత్రి డాబా ఎక్కడం విజయనగరంలో మా వీధికి మామూలే. ఈ మధ్య వాళ్లకి పెగ్గులు ఒక్కటే చాలట్లేదు. చిన్న గ్లాసులో స్వీటు తిన్నట్టుండే షాట్లు కావాలంటున్నారు. సరే, చేద్దాం. కానీ ఏవి?

వీడియోల్లో ఎక్కువగా కనిపించే బి-52 అనే షాట్ సంగతి ముందే తేల్చేద్దాం. కింద కాఫీ లిక్యూర్ (లిక్యూర్ అంటే తియ్యటి మందు), మధ్యలో బెయిలీస్ లాంటి క్రీమ్ లిక్యూర్, పైన నారింజ లిక్యూర్, మూడూ కలవకుండా చెంచా మీదుగా నెమ్మదిగా పొయ్యాలి. చూడ్డానికి బాగుంటుంది. అయితే మూడు ఖరీదైన సీసాలు కొనాలి, ఒక్కో గ్లాసూ విడిగా నింపాలి. పాతికమంది ఉన్న డాబా మీద అంత ఓపిక ఎవరికుంది?

ఇక మిగిలినవి మూడు. అన్నిటికన్నా తేలికైనది కాఫీ షాట్. మిల్క్‌మెయిడ్ ఒక టిన్ను, అంటే దాదాపు 300 మి.లీ.; కాచి చల్లార్చిన పాలు 300; డార్క్ రమ్ 300; కొంచెం వేణ్ణీళ్లలో కరిగించిన ఇన్‌స్టంట్ కాఫీ పొడి నాలుగు చెంచాలు. అన్నీ ఒక పెద్ద సీసాలో పోసి, మూత బిగించి, బాగా ఊపి ఫ్రిజ్‌లో పెడితే పనైపోయింది. ఎస్.కోట మీదుగా అరకు వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా కాఫీ పొడి తెచ్చి ఉంటే చిక్కటి డికాక్షన్ తీసి పొయ్యండి, వాసనే మారిపోతుంది. రమ్ము ఓల్డ్ మాంక్ అయితే అందులో వెనీలా ఛాయ ముందే ఉంటుంది, వేరే ఎసెన్స్ అక్కర్లేదు.

దీనికి ఒకటే శత్రువు, పులుపు. ఎవడో ఒకడు ఉత్సాహంకొద్దీ నిమ్మచెక్క పిండాడంటే పాలు విరిగి సీసాలో పన్నీరు తేలుతుంది. నిమ్మకాయల పళ్లెం ఆ చివర, ఈ సీసా ఈ చివర ఉంచండి.

రెండోది జీడిపప్పు, బెల్లం షాట్. పక్క జిల్లాలో పలాస ఉండగా డబ్బా క్రీమ్ కొనుక్కోవడం నాకెందుకో మనసొప్పదు. గుండు పప్పు అక్కర్లేదు, ఎలాగూ రుబ్బేదే కాబట్టి ముక్క చాలు, ధర కూడా తక్కువ. 150 గ్రాముల ముక్కని వేడినీళ్లలో అరగంట నానబెట్టి, మిక్సీలో మెత్తగా వెన్నలా తిప్పి, నీళ్లు కలిపి పల్చటి గుడ్డలో వడకట్టండి. 350 మి.లీ. దాకా పాలు రావాలి. బెల్లం వేరే గిన్నెలో కరిగించి, ఇసుక పోయేలా వడగట్టి, పూర్తిగా చల్లార్చి 250 మి.లీ. కలపండి. తర్వాత రమ్ 300, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. ఆ ఉప్పు మర్చిపోవద్దు, అది లేకపోతే వట్టి తీపే నాలుక్కి తగులుతుంది. పైన నేతిలో వేయించిన పలుకులు నాలుగు జల్లితే రుచి తిన్నగా జీడిపప్పు పాకం దగ్గరికి వెళ్లిపోతుంది. కిందటి పండక్కి మా బావ ఒక గుక్క వేసి, "ఇదేటిరా, పరమాన్నంలో మందు కలిపేసారేటి?" అన్నాడు. మెచ్చుకోలే, ఎందుకంటే రెండోది తనే అందుకున్నాడు.

పరమాన్నం వండే ఇంట్లో అందరికీ తెలుసు, వేడి పాలల్లో బెల్లం పడితే విరుగుతాయి. జీడిపప్పు పాలతో ఆ భయం లేదు. పాలు పడనివాళ్లూ తాగొచ్చు. ఇదే పద్ధతిలో ఉద్దానం కొబ్బరికాయలతో చేద్దామనుకుంటే చెయ్యొచ్చు గానీ, ఫ్రిజ్‌లో పెట్టేసరికి కొబ్బరి పాలల్లో కొవ్వు గడ్డకట్టి పైన తెల్లగా పేరుకుంటుంది. ప్రతిసారీ బయటపెట్టి, ఊపి పొయ్యాలి. జీడిపప్పుకి ఆ తంటా తక్కువ.

మూడోది వోడ్కా కలిపి గట్టిపరిచే జెల్లీ. ఫొటోల్లో గెలిచేది ఇదే, డాబా మీద ఓడేదీ ఇదే. జిలటిన్‌తో చేసిన జెల్లీ మన ఒంటి వేడికే కరుగుతుంది. జనవరి చలిలో నిలబడుతుంది గానీ, మే నెల పెళ్లి ముందు రాత్రి పార్టీలో కరెంటు పోయిందంటే అరగంటలో షర్బత్తే. పైగా జిలటిన్ జంతువుల నుంచి తీసింది, మాంసం ముట్టనివాళ్లకి పనికిరాదు. సముద్రపు నాచు నుంచి తీసే చైనా గ్రాస్ వాడితే ఈ రెండు చిక్కులూ పోతాయి, ఎండాకాలం బయట పెట్టినా కరగదు. కాకపోతే అది చల్లారుతూనే బిగుసుకుంటుంది. అందుకని స్టవ్ ఆపాక, ఇంకా వేడిగా ఉన్నప్పుడే వోడ్కా కలపాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వోడ్కా పోస్తే ఉండలు కడుతుంది. మంట మీద ఉండగా మాత్రం సీసా దగ్గరికి తేకండి. పళ్లెంలో పోసి ముక్కలు కొయ్యడం సులువు, కప్పులు అక్కర్లేదు. జిలటిన్‌తోనే చేస్తానంటే పచ్చి అనాస, బొప్పాయి వెయ్యొద్దు, ఎంతసేపు పెట్టినా గట్టిపడదు.

జెల్లీ మీద నా అసలు అభ్యంతరం వేరే. పండగ ఇంట్లో పిల్లలు మెట్లెక్కి దిగుతూనే ఉంటారు. ఎర్రగా, పచ్చగా మెరిసే ముక్కలు పళ్లెంలో కనిపిస్తే వాళ్లు అడగరు, నోట్లో వేసుకుంటారు. పిల్లలున్న ఇంట్లో జెల్లీ మాట ఎత్తొద్దు.

కాబట్టి చేతిలో గంటే ఉంటే కాఫీ. ముందు రోజు తీరిక దొరికితే కళ్లు మూసుకుని జీడిపప్పు. ఖర్చులో కాఫీదే కాస్త తక్కువ, రుచిలో నా ఓటు జీడిపప్పుకే.

పైన చెప్పిన కొలతలకి ఏదైనా 900 మి.లీ. వస్తుంది, 45 మి.లీ. చొప్పున ఇరవై షాట్లు. ఒక్కోదాంట్లో రమ్ 15 మి.లీ., అంటే సగం చిన్న పెగ్గు. తీపి వల్ల మందు తెలీదు, నాలుగు తాగినవాడు రెండు చిన్న పెగ్గులు వేసినట్టే లెక్క. అందుకే సీసా మీద కాగితం అంటించి పెన్నుతో రాసేస్తాం: "నాలుగు = రెండు చిన్న పెగ్గులు". బైకు మీద ఊరెళ్లాల్సినవాడికి కప్పు ఇవ్వం. అదే జీడిపప్పు పాలు రమ్ కలపకముందే ఒక గిన్నెడు తీసి పక్కన పెడితే, వాడికీ పిల్లలకీ సరిపోతాయి. రాత్రి మిగిలింది ఫ్రిజ్‌లో ఉంటే మర్నాటికి బాగానే ఉంటుంది. ఆ తర్వాత పారబొయ్యండి.