కైమెరాఎక్స్‌లో అణునిర్మాణాలను కలిపి సేవ్ చేయడం: కొన్నేళ్లు వాడాక నా మాట

డాకింగ్ (ప్రోటీన్‌లో ఒక చిన్న అణువు ఎలా ఇముడుతుందో కంప్యూటర్‌తో లెక్కగట్టడం) అయ్యాక ప్రోటీన్, దాని గుంటలో కూర్చున్న లిగాండ్ (ఆ చిన్న అణువు) తెరమీద ఒక్కటిగానే కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ లెక్కలో మాత్రం అవి ఇంకా రెండు వేర్వేరు మోడళ్లే. వాటిని నిజంగా ఒకే ఫైల్‌గా మార్చే పనికి నేను కొన్నేళ్లుగా అణునిర్మాణాలను చూపించే ప్రోగ్రాముల్లో ఎక్కువగా కైమెరాఎక్స్‌నే వాడుతున్నాను, పక్కన అలాంటిదే పైమాల్ కూడా ఉంటుంది. బొమ్మలు ఎంత అందంగా వస్తాయో చాలామంది రాశారు కాబట్టి ఆ సంగతి వదిలేస్తాను. ఇలాంటి సాఫ్ట్‌వేర్ నమ్మకం నిలబడేది సేవ్ బటన్ దగ్గరే అని నా అభిప్రాయం.

కలపడానికి కమాండ్ లైన్‌లో ‘కంబైన్ #1,2’ (ఒకటో, రెండో మోడళ్లను కలుపు) అంటే చాలు. నాకు బాగా నచ్చింది చైన్ (ప్రోటీన్‌లోని ఒక్కో అమైనో ఆమ్లాల గొలుసు) పేర్ల విషయంలో అది తీసుకునే జాగ్రత్త. హెచ్ఐవీ ప్రోటియేజ్ అనే ఎంజైమ్ నిర్మాణం 1హెచ్ఎస్‌జిని (నిర్మాణాల భాండాగారం పీడీబీలో దాని కోడ్ అది) తీసుకోండి. అందులో ఎ, బి అని రెండు చైన్లు, ఒక్కోదాంట్లో 1 నుంచి 99 వరకు రెసిడ్యూలు, అంటే అమైనో ఆమ్లాలు. దీనికి ఎ అనే చైన్ ఉన్న ఇంకో నిర్మాణాన్ని కలిపితే, రెండోదాని చైన్‌కు కొత్త అక్షరం ఇచ్చి, ఏది ఏదిగా మారిందో లాగ్‌లో రాస్తుంది. పేర్లు మార్చవద్దని చెప్పే ఆప్షన్ కూడా ఉంది, కానీ దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఒకే ఫైల్‌లో ఎ చైన్లు రెండైతే, ‘ఎ చైన్‌లో 25వ ఆస్పార్టేట్ (ఒక అమైనో ఆమ్లం)’ అన్నప్పుడు ఏ ఆస్పార్టేట్ గురించి మాట్లాడుతున్నామో తర్వాత వచ్చే ప్రోగ్రామ్‌కు తెలియదు. ఈ ఎంజైమ్ పనిచేసేదే ఆ రెండు 25ల మీద!

కలిపాక పాత మోడళ్లను మూసేయమని విడిగా చెప్పకపోతే అవి అలాగే ఉంటాయి. కొత్త మోడల్ సరిగ్గా వాటిమీదే కూర్చుంటుంది కాబట్టి కంటికి తేడా తెలియదు. అప్పుడు అన్నీ కలిపి సేవ్ చేస్తే ప్రతి పరమాణువూ రెండేసిసార్లు వచ్చి పడుతుంది. అందుకే నా అలవాటు ‘క్లోజ్ ట్రూ’ కూడా జోడించడం.

కలపకుండా రెండు మోడళ్లనూ ఒకే పీడీబీ ఫైల్‌గా సేవ్ చేస్తే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. ఒక్కోటీ ‘మోడల్ 1’, ‘మోడల్ 2’ అంటూ విడివిడి విభాగాలుగా వెళ్తుంది. ఆ విభాగాలను ఒకే అణువు తాలూకు వేర్వేరు రూపాలుగా భావించి, మొదటిదాన్నే చదివి ఊరుకునే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. అంటే ప్రోటీన్ వెళ్తుంది, లిగాండ్ మాయం. డాకింగ్ ప్రోగ్రామ్ ఆటోడాక్ వీనా ఫలితాలు వచ్చేదీ ఈ పద్ధతిలోనే, మామూలుగా 9 పోజుల (లిగాండ్ కూర్చునే తీరుల) వరకు. వాటిలో మూడోది కావాలంటే ‘కంబైన్ #1 #2.3’ అని ఆ ఒక్కదాన్నే ప్రోటీన్‌తో కలిపి, ఆ తర్వాత సేవ్ చేయాలి.

ఇక కోఆర్డినేట్లు, అంటే ఒక్కో పరమాణువు స్థానాన్ని చెప్పే అంకెలు. మ్యాచ్‌మేకర్ అనే కమాండ్‌తో ఒక ప్రోటీన్‌ను ఇంకోదాని మీదకు తెచ్చినప్పుడు జరిగిన కదలిక ఫైల్‌లోకి ఎలా వెళ్తుందన్నది అసలు ప్రశ్న. కైమెరాఎక్స్‌కు ముందున్న పాత కైమెరాలో ‘ఫలానా మోడల్‌కు సాపేక్షంగా’ అన్న పెట్టెలో టిక్ పెట్టకపోతే అసలు ఫైల్‌లో ఉన్న కోఆర్డినేట్లే మళ్లీ రాసేది. ఎంతో శ్రద్ధగా పేర్చినవి తెరిచి చూస్తే మళ్లీ ఎక్కడివక్కడే. కైమెరాఎక్స్‌లో కూడా ఆ సదుపాయం ‘రెల్‌మోడల్’ పేరుతో ఉంది. క్రయో-ఈఎం (గడ్డకట్టించిన నమూనాను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూసే పద్ధతి) మ్యాప్‌లో మోడల్‌ను అమర్చేవాళ్లు మ్యాప్‌నే ఆధారంగా ఇస్తే, తర్వాత రెండూ తెరిచినప్పుడు ఒకదానిలో ఒకటి ఇమిడే ఉంటాయి. దీన్ని ఇష్టం ఉంటే వాడుకునే ఆప్షన్‌లా కాకుండా తప్పనిసరి ప్రశ్నగా పెట్టి ఉంటే బాగుండేది.

ఫార్మాట్ దగ్గర నాది ఒకటే మాట: దాచుకునే కాపీ పీడీబీ కన్నా కొత్త ఫార్మాట్ అయిన ఎమ్ఎమ్‌సిఫ్‌లోనే ఉండాలి. పీడీబీ ఫార్మాట్‌లో పరమాణువు వరుస సంఖ్యకు ఐదు గడులే, కాబట్టి 99,999 దాటితే చోటు లేదు. చైన్ పేరుకు ఒక్క గడి, అంటే పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు అన్నీ వాడినా 62 పేర్లే. ఒక వైరస్ తొడుగులో 60 ప్రతులు, ఒక్కోదాంట్లో మూడు చైన్లు ఉన్నాయనుకోండి, 180 అవుతాయి. రైబోజోమ్‌ల లాంటి పెద్ద నిర్మాణాలను పీడీబీ భాండాగారంలో ఒకప్పుడు ముక్కలు చేసి వేర్వేరు నంబర్లతో పెట్టింది అందుకే. 2014లో వాటిని ఎమ్ఎమ్‌సిఫ్‌లో ఒక్కటి చేశారు. లిగాండ్లకు ఇచ్చే మూడక్షరాల కోడ్లు కూడా అయిపోయి ఇప్పుడు ఐదక్షరాలవి వస్తున్నాయి, అవి పాత ఫార్మాట్‌లో పట్టవు. పాత టూల్స్ పీడీబీయే అడుగుతాయి కాబట్టి దాన్ని ఎగుమతి కాపీగా మాత్రమే చూస్తాను. పీడీబీలో డబుల్ బాండ్, సింగిల్ బాండ్ తేడా ఉండదు గనక లిగాండ్‌ను విడిగా ఆ తేడా దాచే ఎస్‌డీఎఫ్ లేదా మోల్2 ఫార్మాట్‌లో కూడా పెట్టుకోవాలి.

పైమాల్ స్వభావం వేరు. ‘క్రియేట్’తో రెండు ఆబ్జెక్ట్‌లను ఒకటి చేస్తుంది, చైన్ పేర్లు ఢీకొన్నా కొత్త పేర్లు పెట్టదు. ముందే ‘ఆల్టర్’తో పేర్లు మార్చి, ‘సార్ట్’ అనడం మన పని. ఏ చైన్‌కు ఏ అక్షరం కావాలో ముందే తెలిసినవాళ్లకు, పదుల ఫైళ్లు స్క్రిప్ట్‌తో నడిపేవాళ్లకు ఇదే హాయి. కొత్తవాళ్లకు మాత్రం కైమెరాఎక్స్‌తో మొదలుపెట్టమనే చెబుతాను. వాణిజ్యేతర వాడకానికి అది ఉచితం, కంపెనీలకైతే లైసెన్స్ కావాలి. పైమాల్‌లో ఓపెన్ సోర్స్ కోడ్, డబ్బు కట్టే వెర్షన్ రెండూ ఉన్నాయి.

సెషన్ ఫైల్ సంగతి కూడా చెప్పాలి. కైమెరాఎక్స్ సెషన్ ఫైల్ సీఎక్స్ఎస్‌లో రంగులు, లేబుళ్లు, కెమెరా కోణం అన్నీ భద్రంగా ఉంటాయి, బొమ్మ మళ్లీ తీయాలంటే అంతకు మించింది లేదు. కానీ దాన్ని పైమాల్ తెరవలేదు, కొత్త వెర్షన్‌లో చేసిన సెషన్ పాత వెర్షన్‌లో తెరుచుకుంటుందన్న నమ్మకమూ లేదు. కాబట్టి సెషన్ ఒకటి, నిర్మాణం ఒకటి, రెండూ ఒకే ఫోల్డర్‌లో పెడతాను.

ఇంత బాగా పనిచేసే కంబైన్‌లో నాకున్న అసంతృప్తి ఒక్కటే. ఏ చైన్ ఏదిగా మారిందన్న వివరం లాగ్‌లో కనిపిస్తుంది కానీ సేవ్ చేసిన ఫైల్ వెంట వెళ్లదు. ఆ రెండు ముక్కలు ఫైల్ మొదట్లో రిమార్కుగా కూడా రాసేస్తే, ఆర్నెల్ల తర్వాత తెరిచి ‘ఈ సి చైన్ ఎక్కడిది?’ అని వెతుక్కునే పని తప్పేది. ప్రస్తుతానికి ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ పెట్టి లాగ్‌లోని ఆ వరుసలు అందులో అతికిస్తున్నాను.